సెన్యోకి కళ్ళు తిరిగిన శనివారం

శనివారం కోసం డెలాలి వేసిన పథకం వినడానికి చాలా తేలికగా ఉంది. ఫలహారం కాగానే అందరూ కారెక్కాలి. అక్రాలో పిల్లల కోసం పెట్టిన సైన్సు మ్యూజియంకి వెళ్ళాలి. అక్కడ ప్రతి వస్తువునూ ముట్టుకోవచ్చు, తిప్పవచ్చు, నొక్కవచ్చు కాబట్టి కూతురు ఎనాం కరువుతీరా అన్నీ ముట్టుకుని, తిప్పి, నొక్కాలి. భోజనాల వేళకు తిరిగి తేమాలోని ఇంటికి చేరుకోవాలి. సాయంత్రం టీవీలో ఫుట్‌బాల్ ఆట ఉంది కాబట్టి, ఆ చివరి సంగతి మీద డెలాలి మొగుడు సెన్యో ఆమె చేత మళ్ళీ మళ్ళీ మాట తీసుకున్నాడు.

పథకంలో ఇంకో భాగం ఉంది. అది కొసివా అత్తయ్యకు తెలియకూడదు. ఆవిడ సెన్యోకి మేనత్త. కేటాలో చేపలు కాల్చి అమ్మి, ఆ వ్యాపారం కోడళ్ళకు అప్పగించి, ఇప్పుడు బంధువుల తగాదాలు తీర్చే పనిలో ఉంది. వారం కిందట ఒక బుట్టెడు కాల్చిన చేపలతో దిగింది. ఆ ఇంట్లో ఆడపిల్ల పెళ్ళికి మేనత్త ఊ అనకపోతే తలుపు తట్టి పిల్లనడగడానికి వచ్చిన మగపెళ్ళివారు తట్టిన చెయ్యి దించుకుని వెళ్ళిపోవలసిందే. సెన్యో చెల్లెలు యాయ్రాకి వచ్చిన మొదటి సంబంధాన్ని, పిల్లవాడు తనతో మాట్లాడేటప్పుడు ఒక చెవిలో పాటలు వింటున్నాడని అత్తయ్య తిప్పికొట్టింది. రెండోవాణ్ణి, తన మాట పూర్తికాకముందే నవ్వాడని పంపేసింది.

ఇప్పుడు యాయ్రా మనసులో ఉన్నవాడు డోడ్జి. ఆ మ్యూజియంలోనే పని చేస్తాడు. వచ్చిన పిల్లలకు ఏ చక్రం ఎందుకు తిరుగుతుందో, ఏ దీపం ఎలా వెలుగుతుందో చెప్పడం అతని ఉద్యోగం. ఆ సంగతి చెబితే అత్తయ్య, "బొమ్మలతో ఆడుకునేవాడికి పిల్లనిస్తామా" అంటుందని యాయ్రాకి గట్టి నమ్మకం. అందుకని వదినా మరదళ్ళు కూర్చుని ఆలోచించారు. ముందు పెళ్ళికొడుకని చెప్పకూడదు. అతను పని చేస్తుంటే ఆవిడ ఊరికే చూడాలి. ఓపిక, మర్యాద గమనించి, "ఎవరి పిల్లాడే ఇతను, బాగున్నాడు" అని తనంతట తాను అనాలి. అప్పుడు చెప్పాలి.

"నేరుగా చెప్పేస్తే పోయేదేముంది?" అని సెన్యో అడిగాడు.

ఆడవాళ్ళిద్దరూ అతని వైపు జాలిగా చూశారు. "మీరు కారు నడపండి చాలు," అంది డెలాలి.

పొద్దున్నే అంతా బల్ల చుట్టూ కూర్చుని జావ తాగుతుండగా డెలాలి మాట కదిపింది. కొసివా అత్తయ్య తల అడ్డంగా ఊపింది.

"మ్యూజియమా? మా ఊళ్ళో కోట ఉందిగా. సగం సముద్రం మింగేసింది, మిగిలిన సగం నేను చూసేశాను. మీరు వెళ్ళి రండి. నేను బెండకాయ పులుసు పెట్టి, మొక్కజొన్నపిండితో అక్‌ప్లే ముద్ద కలిపి ఉంచుతాను."

యాయ్రా మొహం వాడిపోయింది. డెలాలి బల్ల కింద నుంచి మొగుడి కాలు తొక్కింది. ఏదో ఒకటి చెప్పమని దాని అర్థం. ఆమె వేసుకున్నది ఎత్తు మడమల చెప్పు.

"అబ్బా," అన్నాడు సెన్యో.

"ఏమైందిరా?" అంది అత్తయ్య.

పెళ్ళాం కాలు తొక్కిందని చెప్పలేడు. ఎందుకు తొక్కిందో అసలే చెప్పలేడు. "ఏం లేదత్తయ్యా. కొంచెం కళ్ళు తిరిగినట్టయింది," అన్నాడు.

ఆవిడ చేతిలోని చెంచా కింద పెట్టింది. "ఎప్పట్నించి?"

"పొద్దున్నించే."

"రాత్రి మూడుసార్లు వడ్డించుకున్నావు. అప్పుడు బాగానే ఉన్నావే."

"రాత్రి కూడా కొంచెం తిరిగాయి."

"అయితే నువ్వెక్కడికీ వెళ్ళొద్దు. లోపలికి పోయి పడుకో."

ఇది అసలుకే ఎసరని గ్రహించి యాయ్రా మధ్యలోకి దూకింది. "డాక్టరు పడుకోవద్దన్నాడత్తయ్యా. కాస్త బయట తిరగమన్నాడు. కాకపోతే పక్కన పెద్దవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలట."

"ఏ డాక్టరు?"

"నేను పనిచేసే మందుల షాపుకి వస్తుంటాడు."

"డాక్టరుకి మందుల షాపులో ఏం పని?"

"మందులు కొనుక్కోవడానికి."

"తన జబ్బే తగ్గించుకోలేనివాడు వీడికేం చెప్తాడే," అంది అత్తయ్య. అయినా లేచి నిలబడింది. "సరే, పెద్దవాళ్ళంటే ఈ ఇంట్లో నేను తప్ప ఇంకెవరున్నారు. ఉండండి, చీర మార్చుకొస్తాను." ఆవిడ చీర అన్నది నిజానికి చేతిమగ్గం మీద నేసిన నీలం, పసుపు చారల పండగ బట్ట. దాన్ని నడుముకు చుట్టి, తలకు అదే రంగు గుడ్డ ఎత్తుగా కట్టి బయటికొచ్చింది. జబ్బు మనిషిని వెంటబెట్టుకుని ఇంట్లో కట్టుకునే బట్టలతో వెళితే, చూసినవాళ్ళు వీడికి దిక్కూ మొక్కూ లేదనుకుంటారని ఆవిడ భయం.

పథకం మళ్ళీ దారిలో పడిందని వదినా మరదళ్ళు కళ్ళతో చెప్పుకున్నారు. సెన్యో కారు తలుపు తీశాడు.

"తాళాలు ఇటివ్వు," అంది అత్తయ్య.

"ఎందుకు?"

"కళ్ళు తిరిగేవాడు బండి నడిపితే ఆ దేవుడు కూడా దిగి నడిచి వెళ్ళిపోతాడు. ఇవ్వు."

తాళాలు ఆవిడ నడుము గుడ్డ మడతలోకి వెళ్ళిపోయాయి. కారు నడపడం ఇంకెవరికీ రాదు. అప్పుడే కడిగిన కారును ఇంటి ముందు వదిలేసి, అందరూ సందు చివరిదాకా నడిచి ట్రోట్రో వ్యాను కోసం నిలబడ్డారు. వచ్చిన వ్యాను అప్పటికే కిక్కిరిసి ఉంది. కొసివా అత్తయ్య మెట్టు మీద ఒక కాలు పెట్టి, లోపలివాళ్ళందరికీ వినిపించేలా, "జబ్బు మనిషి ఉన్నాడు, కిటికీ పక్కన చోటివ్వండి," అంది. ఒక పెద్దాయన లేచి సెన్యోకి చోటిచ్చాడు. ఆయన వయసు సెన్యో తండ్రి వయసంత ఉంటుంది. సెన్యోకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏం జబ్బు?" అని టమాటాల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఒకామె అడిగింది.

"కళ్ళు తిరుగుతున్నాయి. డాక్టరు పడుకోనివ్వడం లేదు."

"రక్తం తక్కువై ఉంటుంది."

"రక్తం కాదు, నిద్ర లేకనే," అన్నాడు వెనక సీట్లోంచి ఒకతను. "మా బావమరిదికీ ఇలాగే మొదలైంది."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

"తాగుతాడా?" అని డ్రైవరు వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"తాగడు," అంది అత్తయ్య నిట్టూరుస్తూ. "తాగి ఉంటే దేనివల్ల వచ్చిందో తెలిసేది."

"అత్తయ్యా, నాకు బాగానే ఉంది," అన్నాడు సెన్యో.

"చూశారా, బాగానే ఉందంటాడు. చిన్నప్పట్నించీ అంతే. నొప్పి బయటికి చెప్పడు." ఆవిడ ఫోను తీసి నోటికి దగ్గరగా పెట్టుకుంది. అఫ్లావో నుంచి సరిహద్దు అవతలి లోమే దాకా ఉన్న చుట్టాలందరికీ ఒకేసారి మాట చేరవేసే కుటుంబ గ్రూపు ఒకటి ఉంది. అందులో ఆవిడ రాయదు, మాట్లాడుతుంది. "నేను కొసివాని. మన సెన్యోకి బాగాలేదు. తల నిలవడం లేదు. అక్రా తీసుకుపోతున్నాం. ప్రార్థన చెయ్యండి." వెంటనే సెన్యో జేబులో ఫోను గుర్రుమంది. అతను తీసి, నాకేం కాలేదు అని రాయబోయేంతలో ఆవిడ లాక్కుంది. "ఆ వెలుగు చూస్తే ఇంకా తిరుగుతాయి," అని దాన్ని కారు తాళాల పక్కన దోపుకుంది.

మ్యూజియం దగ్గర దిగేలోపు యాయ్రా రహస్యంగా డోడ్జికి ఫోనులో సంగతంతా రాసి పంపింది. అన్నయ్యది నటన, కంగారు పడొద్దు, మేమెవరో నీకు తెలియనట్టే ఉండు, అత్తయ్య చూస్తుంటే పిల్లలతో బాగా మాట్లాడు, అంతే. డోడ్జి నీలం చొక్కాలో, పొడుగ్గా, సన్నగా, గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. చుట్టూ పిల్లలు. సైకిలు తొక్కితే దీపం ఎందుకు వెలుగుతుందో ఒక చిన్నపిల్లకు మోకాళ్ళ మీద కూర్చుని చెబుతున్నాడు. నిజంగానే చూడముచ్చటగా ఉంది.

"పెద్దమ్మగారూ, ఆ అబ్బాయి పిల్లలకి ఎంత ఓపిగ్గా చెప్తున్నాడో చూడండి," అంది డెలాలి.

"అబ్బాయిల్ని చూడ్డానికొచ్చానా నేను? వీడి మొహం చూడు, ఎలా చెమటలు పడుతున్నాయో."

"వ్యానులో ఉక్కగా ఉందత్తయ్యా," అన్నాడు సెన్యో.

"నువ్వు మాట్లాడకు. ఆయాసం వస్తుంది."

డోడ్జి సైకిలు దగ్గర చెప్పాడు, అద్దాల దగ్గర చెప్పాడు, గాలి గొట్టంలో గుడ్డముక్కలు ఎగిరే చోట ఇంకాస్త బిగ్గరగా చెప్పాడు. ఆవిడ ఒక్కసారి కూడా అతని వైపు తల తిప్పలేదు. మేనల్లుడి మోచెయ్యి పట్టుకుని, అతను అడుగు తీసి అడుగు వేస్తుంటే పాదాల వైపే చూస్తూ నడిచింది. యాయ్రా గోళ్ళు కొరుక్కుంటోంది. అత్తయ్య మర్నాడే ఊరికి వెళ్ళిపోతుంది. వచ్చే నెలలో డోడ్జి వాళ్ళు తలుపు తట్టడానికి రావాలనుకుంటున్నారు.

ఇంతలో ఎనాం వచ్చి తండ్రి రెండో చెయ్యి పట్టుకుని లాగింది. "నాన్నా, ఈ గదిలోకి రా. భలే ఉంది." లాగిన ఊపుకి అత్తయ్య పట్టు జారింది, సెన్యో గుమ్మం దాటాడు. ఆ గదిని కావాలనే ఏటవాలుగా కట్టారు. నేల ఒక పక్కకు వాలి ఉంటుంది. గోడలు, కిటికీలు, గోడకున్న పటం కూడా దానికి తగ్గట్టే వాలి ఉంటాయి కనుక, లోపలికి వెళ్ళినవాళ్ళకు అంతా సరిగ్గానే ఉన్నట్టు కనబడుతుంది. కాళ్ళు మాత్రం ఒప్పుకోవు. లోపల ఉన్నవాళ్ళంతా తూలుతున్నారు. తల్లులు పిల్లల్ని పట్టుకుని తూలుతున్నారు, పిల్లలు నవ్వుతూ తూలుతున్నారు. కానీ గుమ్మంలో నిలబడ్డ కొసివా అత్తయ్య కంటికి వాళ్ళెవరూ ఆనలేదు. ఆవిడ చూసింది ఒక్కణ్ణే. వాడు గోడకు గుద్దుకుని, తమాయించుకుని, ఎదుటి గోడకు గుద్దుకున్నాడు.

"అయ్యో నా తండ్రీ," అంటూ ఆవిడ గుమ్మం పట్టుకుంది. "పడిపోతున్నాడు, పట్టుకోండి."

"అత్తయ్యా, నాకేం కాలేదు. గదే వంకర," అన్నాడు సెన్యో లోపలినుంచి.

"గది వంకరట. విన్నావా డెలాలీ, వీడికి గది వంకరగా కనిపిస్తోంది."

"నిజంగానే వంకరండీ," అంది డెలాలి.

"జబ్బు మనిషి మాటకి ఎదురు చెప్పకూడదని నువ్వు అలాగే అంటావు. మంచిదానివి." ఆవిడ మళ్ళీ ఫోను నోటికి పెట్టుకుంది. "నేను కొసివాని. గోడలు వంకరగా ఉన్నాయంటున్నాడు. కాళ్ళు నిలవడం లేదు. ఎవరైనా పాస్టరుగారికి చెప్పండి."

బయటికి రాగానే ఆవిడ, "ముందు కూర్చో," అని సెన్యోని దగ్గర్లో కనిపించిన గుండ్రటి పీట మీద బలంగా కూలేసింది. అది కూర్చోవడానికి పెట్టింది కాదు, తిరగడానికి పెట్టింది. కూలేసిన ఊపుకి అది తిరగడం మొదలుపెట్టింది. సెన్యో భయపడి రెండు చేతులూ బారచాపాడు. పీట కాస్త నెమ్మదించింది. అదే సమయానికి ఎదురుగా అత్తయ్య ఫోను ఎత్తడం చూసి, వద్దని చెప్పబోయి, చేతులు గుండెల మీదికి తెచ్చుకున్నాడు. పీట వేగం అందుకుంది.

"చేతులు దగ్గరికి పెట్టుకుంటే ఇంకా స్పీడుగా తిరుగుతావు నాన్నా," అని ఎనాం సంతోషంగా చెప్పింది. "స్కూల్లో చెప్పారు."

కాళ్ళు నేలకు ఆన్చి పీటను ఆపేసరికి సెన్యోకి నిజంగానే కళ్ళు తిరిగాయి. మ్యూజియం మొత్తం, అందులో ఇద్దరు ముగ్గురు కొసివా అత్తయ్యలు, ఒకరి వెనక ఒకరు అతని ముందు నుంచి వెళ్ళిపోతున్నారు. లేచి రెండడుగులు వేసి పక్కకు ఒరిగాడు. డోడ్జి పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. తెలియనట్టు ఉండమన్న మాట ప్రకారం, "ఎవరండీ మీరు, ఏమైంది?" అంటూనే, "చాలా బాగా చేస్తున్నారు అన్నగారూ," అని చెవిలో మెచ్చుకున్నాడు.

"ఇది నటన కాదు," అన్నాడు సెన్యో ఓపిక లేకుండా.

డోడ్జి అతన్ని పక్కనే ఉన్న పొడుగాటి బల్ల మీద పడుకోబెట్టాడు. అత్తయ్య తలగుడ్డ విప్పి విసరడం మొదలుపెట్టింది. డెలాలి నీళ్ళకోసం పరుగెత్తింది. పిల్లలంతా మూగారు. ఎనాం మాత్రం బల్ల చివర ఉన్న పెద్ద ఆకుపచ్చ బటన్ చూసింది. పొద్దుటినుంచి అన్నీ నొక్కమన్నారు, అది నొక్కొద్దని ఎవరూ అనలేదు. నొక్కింది.

బల్లలోంచి సన్నగా మోటారు చప్పుడు వినిపించింది. సెన్యో నెమ్మదిగా పైకి లేవసాగాడు. కాళ్ళు, నడుము, తల, అన్నీ ఒక్కలాగే, గాల్లో తేలుతున్నట్టు. అత్తయ్య విసరడం ఆపింది. ఒంగి మేనల్లుడి వీపు కింద చూసింది. బల్లకున్న చిల్లుల్లోంచి వందల కొద్దీ మేకులు, మొనలు పైకి పెట్టి, అతన్ని మోస్తున్నాయి.

"మేకులు," అంది ఆవిడ. ఇంకోసారి అంది. "వీణ్ణి పడుకోబెట్టి, మేకులు..."

రెండో చేతిలో ఉన్న ఫోను, ఆవిడ బొటనవేలు ఇంకా అదిమే ఉండడం వల్ల, ఆ మాటలు ఎత్తుకుని అఫ్లావోకీ లోమేకీ చేరవేసింది.

"కదలకండి అన్నగారూ. కదలకపోతే ఏమీ కాదు," అంటూ డోడ్జి బటన్ మళ్ళీ నొక్కాడు. మేకులు దిగిపోయాయి. సెన్యో లేచి కూర్చుని వీపు తడుముకున్నాడు. చొక్కాకి ఒక్క చిల్లైనా పడలేదు.

కొసివా అత్తయ్య మొట్టమొదటిసారిగా డోడ్జి వైపు తిరిగింది. కేటా చేపల బజారులో దొంగ తూకం వేసినవాళ్ళ వైపు ఆవిడ ఇలాగే చూసేదని చెప్పుకుంటారు. "ఎవరు నువ్వు? ఎవరింటి పిల్లాడివి? జబ్బుతో ఉన్నవాణ్ణి మేకుల మీద పడుకోబెట్టమని నీకు ఎవరు నేర్పారు?"

నీళ్ళ సీసాతో వచ్చిన డెలాలి అక్కడే ఆగిపోయింది. యాయ్రా కళ్ళు మూసుకుంది. డోడ్జి ఆమె వైపు ఒకసారి చూశాడు. తర్వాత చేతులు వెనక్కి పెట్టుకుని, తల కొంచెం వంచి, తూచినట్టుగా మాట్లాడాడు.

"నా పేరు డోడ్జి అమ్మా. మా ఊరు అన్లోగా. అన్నగారికి జబ్బేమీ లేదు. నన్ను మీకు చూపించాలని, మీరు రావాలని అలా చెప్పారు. యాయ్రాని చేసుకోవాలనుకుంటున్నది నేనే. జబ్బు నటన అని నాకు తెలుసు కాబట్టే ఈ బల్ల మీద పడుకోబెట్టాను. తెలిసీ ఇంతసేపు మీకు చెప్పకపోవడం నా తప్పు. బటన్ ఎవరైనా నొక్కుతారేమో అని చూసుకోకపోవడం కూడా నా తప్పే. అయితే ఆ మేకులు గుచ్చుకోవు. ఒక్క మేకైతే దిగుతుంది. బరువు అన్నిటి మీదా పంచుకుంటుంది గనక ఏ ఒక్కటీ దిగదు."

అత్తయ్య అన్నకూతురి వైపు, కోడలి వైపు, ఆఖరున మేనల్లుడి వైపు చూసింది. సెన్యో నేల చూపులు చూశాడు.

"గుచ్చుకోవంటావు," అంది డోడ్జితో.

"గుచ్చుకోవమ్మా."

"సరే, జరగండి." ఆవిడ చెప్పులు విడిచి, పండగ బట్ట సర్దుకుని, బల్ల మీద ఎక్కి పడుకుంది. వద్దని యాయ్రా చెయ్యి పట్టుకోబోతే విదిలించింది. "ఎనాం, ఆ మీట నొక్కు. ఎలాగూ దాని మీదే నీ ప్రాణం."

మోటారు చప్పుడైంది. కొసివా అత్తయ్య చేతులు పొట్ట మీద పెట్టుకుని, పైకప్పు చూస్తూ, హుందాగా పైకి లేచింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు.

"అమ్మా, దించమంటారా?" అన్నాడు డోడ్జి.

"తొందరేముంది. వీళ్ళింట్లో నాకిచ్చిన పరుపుకన్నా ఇదే నయంగా ఉంది."

దిగాక ఆవిడ తలగుడ్డ మళ్ళీ కట్టుకుంది. అది అయ్యేదాకా అందరూ నిలబడే ఉన్నారు. "పొద్దుట్నించి ఈ ఇంటివాళ్ళు నాకు చెప్పినదాంట్లో జావ వేడిగా ఉందన్నది తప్ప ఒక్క నిజం లేదు," అంది. "ఈ అబ్బాయి రెండు చెప్పాడు. రెండూ నిజమే. నాకు భయపడుతూ కూడా చెప్పాడు. నాయనా, మీ వాళ్ళని వచ్చే నెల రమ్మను. వీళ్ళలో పడి చెడిపోకుండా చూసుకో."

యాయ్రా ఏడ్చేసింది. డెలాలి ఆమెను కౌగిలించుకుంది. డోడ్జి అత్తయ్యకు వంగి దణ్ణం పెట్టాడు. అందరూ కలిసి పక్కనున్న క్యాంటీనులో మాంసం పెట్టిన పఫ్‌లు తింటూ కూర్చున్నప్పుడు, ఎవరూ తన సంగతి పట్టించుకోవడం లేదని సెన్యో గమనించాడు. కాలు తొక్కించుకున్నది తను. పీట మీద తిరిగింది, మేకులెక్కింది తను. చివరికి అబద్ధాలకోరుగా మిగిలింది కూడా తనే. అయినా గడియారం చూస్తే ఆటకు ఇంకా సమయం ఉంది. ఆ తృప్తితో రెండో పఫ్ అందుకున్నాడు.

అప్పుడు అత్తయ్య ఫోను మోగింది. అఫ్లావో నుంచి ఆవిడ తమ్ముడు క్వామి. పెద్ద గొంతు మనిషి. ఆయన మాట బల్ల చుట్టూ ఉన్న అందరికీ వినిపించింది.

"అక్కా, ఎప్పుడు పోయాడు?"

"ఎవరు?"

"సెన్యో. పెట్టెకి మేకులు కొడుతున్నారని నువ్వే కదా చెప్పావు. లోమే వాళ్ళు ఒకటే ఏడుపు. సరిహద్దు దాటేశారు. ఇంత తొందరగా పెట్టెలో ఎందుకు పెట్టారని పాస్టరుగారికి అనుమానం. వ్యాను మాట్లాడుకుని మేమూ బయల్దేరాం. నల్లబట్టలు అందరికీ దొరకలేదు."

కొసివా అత్తయ్య సెన్యో వైపు చూసింది. అతని నోట్లో పఫ్ ఉంది. "పోలేదు, బతికే ఉన్నాడు," అంది ఆవిడ ఫోనులో.

అవతల ఎవరో ఏడుపు ఆపి, "అయితే మమ్మల్ని ఎందుకు బయల్దేరదీసినట్టు?" అని అడగడం వినబడింది.

ఆవిడ మొహం రంగు మారింది. ఆ చుట్టాలందరి తగాదాలూ తీర్చిన మనిషి. ఆవిడ మాటంటే రాతి మీద గీత అని వాళ్ళ నమ్మకం. "బతికి ఉన్నాడన్నాను గానీ బాగున్నాడన్నానా?" అంది గట్టిగా. "రండి, వచ్చి మీ కళ్ళతో చూడండి." ఫోను పెట్టేసింది.

"అత్తయ్యా, నాకేం లేదని చెప్పేయొచ్చు కదా," అన్నాడు సెన్యో.

"చెప్పి? కొసివా పెద్దదై మతి పోయింది, లేని చావు చాటించింది అనిపించుకోనా? ఇంటికి పోగానే పడుకో. రేపు చర్చి అయ్యేదాకా లేవకు."

"మేం ఒక్క నిజం చెప్పలేదని మీరేగా ఇందాక అన్నారు."

"ఇందులో అబద్ధమేముంది. పీట మీద నీకు నిజంగా కళ్ళు తిరిగాయా లేదా?" ఆవిడ డోడ్జి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు నాయనా. నువ్వు అబద్ధమాడవు. వీడికి కళ్ళు తిరిగాయా?"

డోడ్జి సెన్యో వైపు క్షమించమన్నట్టు చూశాడు. "తిరిగాయమ్మా. పడబోతే నేనే పట్టుకున్నాను."

సాయంత్రానికి తేమాలో ఇల్లు నిండిపోయింది. వచ్చిన ప్రతివాళ్ళూ గుమ్మంలో చెప్పులు విడిచి, నేరుగా పడగ్గదిలోకి వచ్చి, మంచం పక్కన నిలబడి, సెన్యో బతికే ఉన్నాడని చూసుకుని, కాస్త నిరుత్సాహంగా కూర్చున్నారు. కొందరు మేకులు ఎక్కడ దిగాయో చూపించమన్నారు. క్వామి చిన్నాన్న అతని కళ్ళముందు వేలు ఊపుతూ, "గోడలు తిన్నగా కనిపిస్తున్నాయా?" అని పదేపదే అడిగాడు. టమాటాలతో, గుడ్లతో, కోళ్ళతో వంటిల్లు నిండిపోయింది. ఒకామె ఏవో చేదు ఆకులు మరిగించి గ్లాసుతో తెచ్చింది. అత్తయ్య అతని ముక్కు పట్టుకుని మరీ తాగించింది. పాస్టరుగారు చెయ్యి నుదుటి మీద పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు. పక్కింటి టీవీలో జనం ఒక్కసారిగా అరిచారు. గోల్ ఎవరు కొట్టారో తెలుసుకోవాలని సెన్యో తల కొంచెం ఎత్తబోతే, పాస్టరుగారు దాన్ని మెల్లగా మళ్ళీ దిండుకు అదిమి, ప్రార్థన ఇంకాస్త పొడిగించారు.

హాల్లో డోడ్జి అందరికీ వడ్డిస్తున్నాడు. జబ్బు మనిషిని కిందపడకుండా పట్టుకున్న పిల్లాడు ఇతనేనని కొసివా అత్తయ్య ఒక్కొక్కరికీ పరిచయం చేస్తోంది. వాళ్ళు అతని భుజం తట్టి మెచ్చుకుంటున్నారు. అది గోడ అవతలినుంచి సెన్యోకి మాటమాటా వినిపించింది.

మరుసటి నెల డోడ్జి వాళ్ళు పానీయాల సీసాలు, పళ్ళ బుట్టలు పట్టుకుని తలుపు తట్టారు. మేనత్త స్వయంగా తలుపు తీసింది. అఫ్లావో వాళ్ళు, లోమే వాళ్ళు అంతా వచ్చారు. ఆ రోజు తీసిన ఫోటోలు యాయ్రా ఆల్బంలో ఇప్పటికీ ఉన్నాయి. అన్నిటిలోనూ అందరూ నిలబడి నవ్వుతున్నారు, సెన్యో ఒక్కడు మాత్రం మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు.